హీట్ షాక్, ఎలక్ట్రోపొరేటర్: నెల్లూరు ల్యాబ్‌లో ఏళ్ల తరబడి వాడాక

బ్యాక్టీరియాలోకి బయటి జన్యువును ఎక్కించే పని నెల్లూరులోని ఒక పీజీ కాలేజీ ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా చేస్తున్నాను. హీట్ షాక్ అంటే కణాలకు కాసేపు వేడి తగిలించడం, ఎలక్ట్రోపొరేషన్ అంటే ఎలక్ట్రోపొరేటర్ అనే యంత్రంతో కరెంటు షాక్ ఇవ్వడం. రెండూ వాడాను. పిల్లలకు ప్రాక్టికల్స్ చేయించే ల్యాబ్‌కైతే హీట్ షాకే మేలంటాను.

పద్ధతి పాతదే. కాల్షియం ఉంటే ఈకోలై అనే బ్యాక్టీరియా బయటి డీఎన్ఏను లోపలికి తీసుకుంటుందని మాండెల్, హిగా 1970లో చూపించారు. చల్లటి 0.1 మోలార్ కాల్షియం క్లోరైడ్‌లో ఉంచిన కణాలకు ప్లాస్మిడ్ (జన్యువును మోసే చిన్న గుండ్రటి డీఎన్ఏ) కలిపి, అరగంట ఐసులో పెట్టి, 42 డిగ్రీల వాటర్ బాత్‌లో ఒకటిన్నర నిమిషం లోపే ఉంచి, మళ్లీ ఐసులోకి మార్చాలి.

42 డిగ్రీలకు మాకు కరువు లేదు, మే నెలలో వీధిలోనే దొరుకుతాయి. కరువంతా సున్నా డిగ్రీలకే. ఎండాకాలం ట్యాంకు నీళ్లు కాగిపోయి ఉంటాయి, ల్యాబ్ ఐస్ మెషిన్ చేతులెత్తేస్తుంది. అప్పుడు రొయ్యల లోడ్లకు ఐసు వేసే ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెప్పించి, గోనెసంచిలో వేసి పగలగొట్టి, రొయ్యల ప్యాకింగ్ థర్మాకోల్ పెట్టెలోనే నింపుతాం. ముక్కలు సన్నగా కొట్టి కాస్త చల్లటి నీళ్లు పోయాలి. ట్యూబు చుట్టూ గాలి ఉంటే అది ఐసులో ఉన్నట్టు కనిపిస్తుందే గాని చల్లబడదు. పెట్టెకు రొయ్యల వాసన ఉంటుంది, అలవాటైపోతుంది.

కణాలను ఓడీ (కణాలు ఎంత పెరిగాయో ద్రవం మసకను బట్టి చెప్పే కొలత) 0.3, 0.4 మధ్య ఉండగానే తీయండి. కాల్షియం క్లోరైడ్‌లో 12 నుంచి 24 గంటలు 4 డిగ్రీల దగ్గర ఉంచితే ఇంకా బాగా పనిచేస్తాయి. మంచి బ్యాచ్ పడితే మైక్రోగ్రాము డీఎన్ఏకి పది లక్షల నుంచి కోటి కాలనీల (ప్లాస్మిడ్ చేరిన ఒక్కో కణం పెరిగి ఏర్పడే చుక్కల) దాకా వస్తాయి. క్లాసుకు అది ఎక్కువే. ప్లాస్మిడ్ చేరిన కణాలే బతికేలా యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన ప్లేట్లను మాత్రం 18 గంటలు దాటి ఇంక్యుబేటర్‌లో వదలకండి. అసలు కాలనీ చుట్టూ ప్లాస్మిడ్ లేని చిన్న చిన్న కాలనీలు, అంటే శాటిలైట్లు పుడతాయి, వాటిని చూసి పిల్లలు సంబరపడిపోతారు. ప్లాస్మిడ్ వేయని కణాల ప్లేటు ఒకటి పోల్చడానికి పక్కన లేకపోతే ఆ రోజు ఫలితాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

ఎలక్ట్రోపొరేటర్ బలం కాదనలేనిది. మైక్రోగ్రాముకు వంద కోట్ల కాలనీలు దాటొచ్చు. పెద్ద ప్లాస్మిడ్‌కీ, మొక్కల్లోకి జన్యువును చేర్చే ఆగ్రోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియాకీ దాన్నే బయటికి తీస్తాం. కానీ మహా సుకుమారం. ఒక మిల్లీమీటరు సందున్న క్యువెట్‌లో (శాంపిల్ పోసే చిన్న డబ్బాలో) 1.8 కిలోవోల్టులు వదిలినప్పుడు శాంపిల్‌లో ఉప్పు ఏ కాస్త మిగిలినా టప్పున పేలుతుంది, కణాలు పోతాయి, ఖరీదైన క్యువెట్ కూడా పోతుంది. లైగేషన్ మిశ్రమాన్ని (జన్యువును ప్లాస్మిడ్‌కు అతికించిన, ఉప్పు ఉండే ద్రావణాన్ని) శుభ్రం చేయకుండా నేరుగా వేస్తే జరిగేది ఇదే.

డీఎన్ఏ పూసిన లోహపు రేణువులను కణాల్లోకి పేల్చే జీన్ గన్ మా దగ్గర లేదు. అయితే మార్కాపురం వైపు పత్తి రైతుల పిల్లలు క్లాసులో దాని గురించే అడుగుతారు. 2002లో అనుమతి వచ్చిన మొదటి బీటీ పత్తిలోకి పురుగును చంపే క్రై1ఏసీ జన్యువు ఆగ్రోబ్యాక్టీరియం ద్వారా చేరింది. 2006లో వచ్చిన బోల్‌గార్డ్ 2 అనే బీటీ పత్తిలో రెండో జన్యువు క్రై2ఏబీని జీన్ గన్‌తో ఎక్కించారు. అంటే వాళ్ల పొలంలోని ఒకే గింజలో రెండు పద్ధతులూ ఉన్నాయి.

కొత్తగా ల్యాబ్ పెట్టేవాళ్లు ఎలక్ట్రోపొరేటర్ డబ్బును ముందు మైనస్ 80 ఫ్రీజర్‌కు జనరేటర్ లైన్ వేయడానికి వాడండి. కరెంటు పోయి ఒకసారి కరిగిన కాంపిటెంట్ కణాలను (డీఎన్ఏ తీసుకోవడానికి సిద్ధం చేసినవాటిని) మళ్లీ గడ్డకట్టించి లాభం లేదు. మా లైన్ ఫైలు మాత్రం ఇంకా సంతకాల దగ్గరే తిరుగుతోంది.