కాంట్రాక్టర్ ఒప్పంద నమూనాలు: నాలుగేళ్ల వాడకం తర్వాత

న్యూజెర్సీలో మాది ఇద్దరు ఉద్యోగులున్న చిన్న వెబ్‌సైట్ల సంస్థ. కోడింగులో చాలా భాగం వేర్వేరు రాష్ట్రాల్లోని స్వతంత్ర కాంట్రాక్టర్లకు అప్పగిస్తాం. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర చట్టానికి తగిన ఒప్పంద నమూనాలు ఇచ్చే ఒక ఆన్‌లైన్ సేవకు నాలుగేళ్లుగా చందా కడుతున్నాను. అంతకుముందు ఒకే పత్రంలో పేరూ సొమ్మూ మార్చి అందరికీ పంపేవాడిని.

అది ఎంత ప్రమాదమో ఈ సేవ అడిగే ప్రశ్నల వల్లే తెలిసింది. కాంట్రాక్టరా, ఉద్యోగా అన్నది తేల్చడానికి న్యూజెర్సీ, కాలిఫోర్నియా రెండూ ఏబీసీ పరీక్ష అనే మూడు అంశాల చట్టపరమైన కొలమానాన్నే వాడతాయి. అయితే మన వ్యాపారానికి సంబంధించిన పనే అయినా మన కార్యాలయాల వెలుపల జరిగితే రెండో అంశం (ఆ పని మన మామూలు వ్యాపారానికి బయటిదై ఉండాలనేది) విషయంలో న్యూజెర్సీ ఒప్పుకుంటుంది. 2020 జనవరి 1 నుంచి అమలవుతున్న ఏబీ 5 అనే చట్టం ప్రకారం కాలిఫోర్నియాలో ఆ వెసులుబాటు లేదు. అక్కడి కోడర్‌కు పని ఇవ్వాలంటే మాలాంటివారు సాధారణంగా రెండు వ్యాపారాల మధ్య ఒప్పందాలకు ఉన్న మినహాయింపును ఆశ్రయించాలి. దాని అనేక షరతుల్లో, చెల్లించే సొమ్మునూ గడువునూ పేర్కొన్న రాతపూర్వక ఒప్పందం ఒకటి.

చెల్లింపు గడువుల విషయంలో ఈ సేవకు మంచి మార్కులు వేస్తాను. నేను అలవాటుగా 45 రోజులు రాసేవాడిని. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన ఇల్లినాయ్ చట్టం 500 డాలర్లు, ఆపై పనులకు 30 రోజులు మించనివ్వదు. న్యూయార్క్ రాష్ట్రం 2024 ఆగస్టు 28 నుంచి 800 డాలర్లకూ, కాలిఫోర్నియా 2025 జనవరి 1 నుంచి 250 డాలర్లకూ రాతపూర్వక ఒప్పందాన్ని తప్పనిసరి చేశాయి. అందులో తేదీ లేకపోతే పని పూర్తయిన 30 రోజుల్లోగా చెల్లించాలి. ఈ మార్పులు నమూనాల్లోకి సకాలంలోనే వచ్చాయి.

నిరాశపరిచింది కాలిఫోర్నియా నమూనాలోని ఒక్క వాక్యం. కోడు హక్కులు మాకే దక్కాలని అందులో 'వర్క్ మేడ్ ఫర్ హైర్' (చేయించుకున్నవారే మొదటినుంచీ హక్కుదారు అని) అని రాశారు. అలా రాయించుకున్నవారిని కార్మిక పరిహారం (పనిలో గాయపడినవారికి అందే పరిహారం) విషయంలో యజమానిగా లెక్కించే సెక్షన్ 3351.5 ఆ రాష్ట్ర లేబర్ కోడ్‌లో ఉంది. కాంట్రాక్టర్ అని నిరూపించుకోవడానికి రాసుకున్న కాగితమే మనల్ని యజమానిని చేస్తుందన్నమాట! మా న్యాయవాది దాన్ని హక్కుల బదలాయింపు క్లాజుగా మార్చారు. ఫిర్యాదు చేస్తే నమూనా సరిదిద్దడానికి ఆ సేవకు ఆరు వారాలు పట్టింది.

ఈ నమూనాలు ఇమ్మని మనవాళ్లు కొందరు అడుగుతుంటారు, హెచ్-1బీ మీద ఉన్నవారికి పక్కపని ఇవ్వడానికి. ఎంత పకడ్బందీ ఒప్పందమైనా ఆ వీసాకు లేని అనుమతిని తెచ్చిపెట్టదు. అలాగే రోజూ ఉదయం తొమ్మిదికి కాంట్రాక్టర్ హాజరు తీసుకుంటే, 'స్వతంత్ర' అన్న మాట కాగితంలో ఎన్నిసార్లు ఉన్నా ఏబీసీ పరీక్షలో మొదటి అంశం (పని చేసేవారిపై మన అదుపు ఉండకూడదనేది) దగ్గరే చిక్కు వస్తుంది.

చందా ఈ ఏడూ కొనసాగించాను. కాలిఫోర్నియా పత్రాలు మాత్రం న్యాయవాది చూశాకే సంతకానికి వెళ్తున్నాయి.