పాత నిషికి సైకిల్‌ని ఫిక్స్‌డ్ గేర్‌గా మార్చి ఏళ్ళ తరబడి తొక్కాక: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

ముందే చెప్పేస్తాను. పాత రోడ్ బైక్‌ని ఫిక్స్‌డ్ గేర్‌గా మార్చుకోవాలంటే, సైకిల్ కొనగా మిగిలిన డబ్బులో సగానికి పైగా వెనక చక్రానికీ, దాని మీదికెక్కే కాగ్‌కీ (పళ్ళచక్రం), అది విప్పుకోకుండా పట్టి ఉంచే లాక్‌రింగ్‌కీ పెట్టండి, ముందు బ్రేక్ మాత్రం పీకకండి, మిగతాది చాలావరకు పాతదే పనికొస్తుంది. నేను షికాగోలో ఉంటాను. ఆఫీసుకి వెళ్ళినా, డెవాన్ వీధిలో కందిపప్పూ కరివేపాకూ తెచ్చుకున్నా, ఆదివారం సరస్సు ఒడ్డున లేక్‌ఫ్రంట్ ట్రెయిల్ మీద గాలికి తిరిగినా ఇదే నా బండి. ఉప్పు చల్లిన రోడ్ల మీద చలికాలాలు కూడా చూసింది.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మామూలు సైకిల్ మీద తొక్కడం ఆపేసినా చక్రం దారిన చక్రం తిరుగుతుంది, దాన్ని అలా వదిలేసే ఫ్రీవీల్ టకటకమంటుంది. ఫిక్స్‌డ్‌లో ఆ ఫ్రీవీల్ ఉండదు. వెనక పళ్ళచక్రం, అంటే కాగ్, చక్రం నడిమధ్యనుండే హబ్‌కి గట్టిగా బిగిసి ఉంటుంది కాబట్టి బండి కదులుతున్నంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి, మీ కాళ్ళూ తిరగాల్సిందే. పెడళ్ళని ఎదురు నొక్కిపడితే స్పీడు తగ్గుతుంది. ఇదేమీ కొత్త ఫ్యాషన్ కాదు. టూర్ డి ఫ్రాన్స్‌లో 1937 దాకా డిరేలర్ గేర్లు (చైనుని ఒక పళ్ళచక్రం మీదనుంచి ఇంకోదానికి జరిపేవి) వాడనిచ్చేవాళ్ళు కాదు, కొండ వస్తే రేసర్లు దిగి, వెనక చక్రం ఊడదీసి, అటుది ఇటు తిప్పి, రెండోవైపున్న పెద్ద పళ్ళచక్రంతో ఎక్కేవాళ్ళు. నా హబ్ కూడా అలా రెండువైపులా వాడుకునేదే, ఫ్లిప్ ఫ్లాప్ హబ్ అంటారు, ఒకవైపు ఫిక్స్‌డ్, ఇంకోవైపు ఫ్రీవీల్ ఎక్కుతుంది.

సైకిల్ సంగతి. ఈ ఊళ్ళో పాత సైకిల్ అనగానే ఎదురయ్యేది ష్విన్ వర్సిటీ. ఇక్కడే తయారయింది, విరగమన్నా విరగదు, కానీ దాదాపు 18 కిలోల బరువు, పైగా ఒకే ఇనప ముక్కని వంచి చేసిన క్రాంక్ (పెడళ్ళు తగిలించే చేతులు), స్టీల్ రిమ్ములు. వానలో స్టీల్ రిమ్ మీద బ్రేక్ పట్టడం చాలా కష్టం. అందుకని అది వద్దనుకుని, 1980 దరిదాపుల్లో జపాన్‌లో చేసిన నిషికి తీసుకున్నాను, సెకండ్ హ్యాండ్‌లో, 120 డాలర్లు. లగ్గులు (గొట్టాలు కలిసేచోట తొడిగే ముక్కలు) పెట్టి అతికిన స్టీల్ ఫ్రేమ్, అల్లాయ్ రిమ్ములు, పది గేర్లు. ఇక్కడ వర్కింగ్ బైక్స్ అని ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది. ఎవరికీ అక్కర్లేని సైకిళ్ళు తీసుకుని, కొన్ని బాగుచేసి అమ్మి, చాలావాటిని ఆఫ్రికాకీ లాటిన్ అమెరికాకీ పంపుతారు. అలాంటిచోట ఓపిగ్గా వెతికితే మంచి ఫ్రేములు దొరుకుతాయి.

ఫ్రేమ్‌లో చూడాల్సినది అన్నిటికన్నా ముందు వెనక ఇరుసు కూర్చునే గాడి. అది అడ్డంగానో ఏటవాలుగానో ఉండాలి, అప్పుడే చక్రాన్ని వెనక్కి లాగి చైను టైట్ చేసుకోగలం. నిలువు గాడి ఉన్న కొత్త తరం ఫ్రేములతో ఈ పని చవగ్గా అవ్వదు, వాటి జోలికి వెళ్ళొద్దు. రెండోది ఆ రెండు గాడుల మధ్య వెడల్పు. ట్రాక్ హబ్‌కి, అంటే ఫిక్స్‌డ్ కాగ్ కోసం చేసిన హబ్‌కి, 120 మిల్లీమీటర్లు కావాలి. వెనక అయిదు పళ్ళచక్రాలున్న పాత పది గేర్ల సైకిళ్ళు చాలావాటికి సరిగ్గా అంతే ఉంటుంది, నాది అలాగే కూర్చుంది. ఆరేడు ఉన్నవాటికి 126 ఉంటుంది, అటూ ఇటూ మూడేసి మిల్లీమీటర్ల వాషర్లు వేస్తే సరిపోతుంది. మూడోది సీటు రాడ్డూ హ్యాండిల్ స్టెమ్మూ కదులుతున్నాయా లేదా అని. తుప్పుతో పట్టేసిన సీటు రాడ్డుతో కుస్తీ పట్టడం కన్నా పక్కనున్న ఇంకో సైకిల్ చూసుకోవడం మేలు.

ఇక అసలు విషయం, వెనక చక్రం. డబ్బు మిగులుతుందని చాలామంది పాత చక్రానికే ఫ్రీవీల్ తీసేసి, ఆ మరల మీదే ట్రాక్ కాగ్ ఎక్కించి, బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు కూర్చునే చోటు) లాక్‌రింగ్ ఒకటి బిగించి, మీద లాక్‌టైట్ జిగురు పూసి వాడతారు. మర కొలత ఒకటే కాబట్టి ఎక్కడం సుఖంగా ఎక్కుతుంది. కానీ ఎదురు నొక్కిన ప్రతిసారీ ఆ కాగ్ విప్పుకోవాలనే చూస్తుంది, కాగ్ తిరిగితే అదే దిక్కు మర ఉన్న లాక్‌రింగ్ కూడా దాంతోపాటే తిరిగి వచ్చేస్తుంది. అసలైన ట్రాక్ హబ్‌లో లాక్‌రింగ్‌కి ఎడమ మర, అంటే ఎదురు దిక్కు తిప్పితే బిగిసే మర, ఉంటుంది. కాగ్ విప్పుకోబోతే లాక్‌రింగ్‌ని ఇంకా బిగిస్తుంది తప్ప వదలదు. ఈ తేడాకి నేను 90 డాలర్లు పెట్టాను, మళ్ళీ పెట్టమన్నా పెడతాను. ట్రాఫిక్ మధ్యలో కాళ్ళ కింద చక్రం పట్టు వదిలేసిందంటే మిగతా ఆదా ఎంతైనా దండగే.

ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆ చక్రం మాత్రం పెట్టెలోంచి తీసినవెంటనే ఎక్కించదగ్గట్టు రాలేదు. కోన్లు (ఇరుసు బేరింగుల్ని నొక్కిపట్టే ముక్కలు) ఎంత టైట్‌గా ఉన్నాయంటే ఇరుసు వేళ్ళతో తిప్పితే గరగరమంది, విప్పి చూస్తే గ్రీజు పేరుకి ఉంది, పుల్లలు కొన్ని బిగువు, కొన్ని లూజు. అమ్మినవాళ్ళకి రాస్తే తిప్పి పంపమన్నారు, ఆ ఖర్చు నాదేనట. గ్రీజు నింపి, కోన్లు సర్ది, బెండు తీశాక ఇప్పటిదాకా సమస్య లేదు. చవక చక్రం ఏది కొన్నా ఒక సాయంత్రం పని ఉంటుందనే లెక్కలో ఉండండి.

ఒక సంగతి చాలామందికి తెలియదు. పాత సైకిల్‌కి 27 అంగుళాల చక్రాలు, రిమ్ మీద టైరు కూర్చునే వ్యాసం 630 మిల్లీమీటర్లు. కొత్త 700సీ చక్రానికి 622. రెండూ దగ్గరగా ఉంటాయి గానీ ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. నేను ముందు చక్రం పాత 27 అలాగే ఉంచేశాను, వెనకది 700సీ. ముందు చక్రం మారలేదు కాబట్టి ముందు బ్రేక్ కూడా మార్చక్కర్లేదు, కూల్‌స్టాప్ కంపెనీ బ్రేక్ షూలు వేస్తే చాలింది. రెండు చక్రాలు రెండు సైజులని ఎవరూ కనిపెట్టలేదు, తొక్కేటప్పుడు నాకూ తెలియదు. ముందుకి 27 x 1¼ టైరు ఇప్పటికీ సులభంగా దొరుకుతుంది.

క్రాంక్ కూడా పాతదే. రెండు చెయిన్‌రింగుల్లో (ముందు పళ్ళచక్రాలు) పెద్దది తీసేసి 40 పళ్ళ చిన్నది ఉంచాను, ఒక్క రింగుకి సరిపోయే పొట్టి బోల్టులు వేశాను. కొనేముందు ఆ రింగులు బోల్టులతో ఉన్నాయా, క్రాంక్‌కి కొట్టి అతికించేసి ఉన్నాయా చూసుకోండి, అతికించినవి ఊడవు. వెనక 17 పళ్ళు. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి సుమారు అయిదు మీటర్లు పోతుంది, నిమిషానికి తొంభై చుట్లంటే గంటకి 27 కిలోమీటర్లు. చాలామంది 46/16 (ముందు పళ్ళు/వెనక పళ్ళు) లాంటి బరువు గేరు పెడతారు, ఫోటోలో బాగుంటుంది. కానీ ఎర్రలైటు దగ్గర ఆగి మళ్ళీ కదలడం, సరస్సు మీదనుంచి ఎదురుగాలి, రెండూ రోజూ ఉండే ఊళ్ళో మోకాళ్ళకి 40/17 హాయి. ఇంకో లాభం కూడా ఉంది. వెనక చక్రాన్ని లాక్ చేసి జారించినప్పుడు టైరు ఎన్నిచోట్ల అరుగుతుందనేది పళ్ళ నిష్పత్తిని బట్టి ఉంటుంది. 40/16 ని కుదిస్తే 5/2, అంటే రెండే చోట్ల అరిగి టైరు తొందరగా పోతుంది. 40/17 ని అలా కుదించలేం, పదిహేడు చోట్ల సమంగా అరుగుతుంది. ఇలాంటి లెక్కలన్నీ మసాచుసెట్స్ మెకానిక్ షెల్డన్ బ్రౌన్ రాసిపెట్టి వెళ్ళారు. ఆయన 2008లో పోయారు, పాత సైకిళ్ళు పట్టుకున్నవాళ్ళకి ఇప్పటికీ ఆయనే గురువు.

కాగ్ బిగించడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. మరలకి గ్రీజు రాసి చేత్తో తిప్పి ఎక్కించండి. తర్వాత ఒక పాత చైను ముక్కని కాగ్ చుట్టూ తిప్పి, ఇంకో కొసని బాటమ్ బ్రాకెట్ గొట్టం చుట్టూ వేసి (కింద దళసరి గుడ్డ పెట్టండి, పెయింట్ పోతుంది) చక్రాన్నే రెండు చేతులతో తిప్పితే కాగ్ ఎంత బిగుసుకుంటుందంటే ఏ పానాతోనూ అంత బిగించలేరు. ఆ తర్వాతే లాక్‌రింగ్, ఎడమ మర అని గుర్తుంచుకుని. కొన్నాళ్ళు తొక్కాక రెండూ మళ్ళీ ఓసారి చూసుకోండి, మొదట్లో కొంచెం కూర్చుంటాయి.

చైను బిగువు కూడా అంతే ముఖ్యం. లూజైతే ఎదురు నొక్కినప్పుడు లొటుక్కుమంటుంది, మరీ లూజైతే ఊడి చక్రాన్ని లాక్ చేస్తుంది. మరీ టైటైతే బేరింగులు తినేస్తుంది. మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం ఆడాలి. పాత చెయిన్‌రింగ్ నూటికి నూరుపాళ్ళు గుండ్రంగా నడిమధ్యలో ఉండదు, క్రాంక్ తిప్పుతుంటే ఒకచోట చైను బిగుస్తుంది, ఇంకోచోట వదులవుతుంది. బాగా బిగిసినచోట ఆపి, రింగు బోల్టులు కొద్దిగా వదులు చేసి, చైను మీద చెక్కతో మెల్లగా తడితే రింగు జరుగుతుంది. బిగించి మళ్ళీ తిప్పి చూడాలి. నాలుగైదు సార్లలో సమానమవుతుంది. సరిగ్గా కుదిరాక ఆ బండి మీద వెళ్తుంటే చైను చప్పుడే ఉండదు, టైరు రోడ్డుని రాసే చప్పుడొక్కటే వినిపిస్తుంది, నాకు ఈ సైకిల్‌లో అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

తొక్కడం ఎలా ఉంటుందంటే, మొదటి వారం భయం. అలవాటుగా కాళ్ళు ఆపబోతే పెడల్ మిమ్మల్ని సీటు మీదనుంచి ఎత్తి తోస్తుంది. తర్వాత ముందుచూపు వస్తుంది, లైటు మారబోతోందనీ, ఆగి ఉన్న కారు తలుపు తెరుచుకోబోతోందనీ ముందే పసిగట్టి కాళ్ళతోనే స్పీడు సర్దుకుంటారు. నది మీద వంతెనల్లో కొన్నిటికి ఇనప జాలీ ఉంటుంది, తడిస్తే నున్నగా జారుతుంది, అక్కడ వెనక చక్రానికి పట్టుందో లేదో అరికాలికి తెలిసిపోతుంది. మంచులోనూ అంతే. గేర్ల సైకిల్ మీద ఆ కబురు నాకెప్పుడూ అందలేదు. మలుపుల్లో మాత్రం బండిని ఎక్కువ వంచకూడదు, లోపలివైపు పెడల్ ఆగదు కాబట్టి నేలకి తగులుతుంది.

ముందు బ్రేక్ లేకుండా తిరిగేవాళ్ళు ఈ ఊళ్ళో కనిపిస్తారు. దయచేసి అలా చెయ్యొద్దు. వెనక చక్రం జారించి ఆగడానికి పట్టే దూరం ముందు బ్రేక్‌తో ఆగే దూరం కన్నా బాగా ఎక్కువ, చైను తెగితే అసలు ఆగే దారే ఉండదు. పాదాన్ని పెడల్ మీద పట్టి ఉంచే టో క్లిప్పులూ పట్టీలూ కూడా తప్పనిసరి, వేగంలో కాలు జారితే తిరిగే పెడల్ పిక్క మీద కొడుతుంది. బూటు లేసు లోపలికి దోపుకోండి, కుడి ప్యాంటు మడవండి. ఇంకొకటి, ఇది ఇంట్లో పిల్లలున్నవాళ్ళు మరీ వినాలి: చైను శుభ్రం చేసేటప్పుడు చక్రం తిప్పుతూ గుడ్డ పట్టుకోకూడదు. వేలు కాగ్‌కీ చైనుకీ మధ్య పడితే ఫ్రీవీల్ లాగా ఆగదు, వేలు తెగిపోతుంది. చక్రం ఆపి, కనిపిస్తున్న ముక్క తుడిచి, చేయి తీసి, జరిపి, మళ్ళీ తుడవాలి.

ఇన్నాళ్ళలో ఏం అరిగాయి? చైనులు. 12 డాలర్ల కేఎంసీ చైను, ఉప్పు వల్ల చలికాలం అయ్యాక మార్చేస్తాను. వెనక టైరు ముందుదానికన్నా చాలా త్వరగా పోతుంది. బాటమ్ బ్రాకెట్ విప్పి గ్రీజు మార్చాను, అందులో గోళీలు తప్ప ఏమీ కొనలేదు. బ్రేక్ తీగ ఒకటి. డిరేలర్, గేరు తీగలు, లివర్లు ఏవీ లేవు కాబట్టి ఉప్పు తినడానికి వేరే ఏమీ దొరకదు. కాగ్, లాక్‌రింగ్ మొదటివే. ఖర్చు మొత్తం: సైకిల్ 120, చక్రం 90, కాగ్ లాక్‌రింగ్ 35, చైను 12, బ్రేక్ షూలు 12, టైర్లూ ట్యూబులూ 30, టో క్లిప్పులు 15, టేపూ తీగా బోల్టుల్లాంటి చిల్లర కలిపి 330 లోపే. పనిముట్లు కొనలేదు, ఫ్రీవీల్ ఊడదీయడం లాంటి రెంచీ పనులు ఏ సైకిల్ షాపులోనైనా అయిదు నిమిషాల్లో చేసిపెడతారు.

ఎవరికి వద్దంటానంటే, మోకాలి నొప్పులున్నవాళ్ళకి, ఎత్తుపల్లాల ఊళ్ళో ఉండేవాళ్ళకి. షికాగో బల్లపరుపు నేల కాబట్టి ఇది సాగింది. విశాఖలో కైలాసగిరి వైపో, హైదరాబాద్‌లో బంజారాహిల్స్‌లోనో ఉండి అడిగితే ఒకే గేరు చాలు గానీ ఫ్రీవీల్ వైపు వాడుకోండి అంటాను, దిగుడులో కాళ్ళు తిరిగే వేగం చేతికి అందదు. మన నల్ల సైకిల్‌ని ఇలా మార్చొచ్చా అని ఊరినుంచి మా తమ్ముడు అడిగాడు. వాటికి క్రాంక్‌ని పట్టి ఉంచేది కాటర్ పిన్ను, ముందుకీ వెనక్కీ మార్చి మార్చి నొక్కితే అది వదులవుతుంది, రాడ్ బ్రేక్ పట్టు కూడా అంతంతే. క్రాంకూ ముందు బ్రేకూ మార్చడానికి సిద్ధమైతేనే మొదలుపెట్టమన్నాను.