వృద్ధాశ్రమాన్ని ఎలా చూడాలి: చెప్పి వెళ్ళాలా, చెప్పకుండా వెళ్ళాలా?

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక మా మేనత్తని ఇంట్లో చూసుకోవడం మా వల్ల కాలేదు. ఆవిడకి పిల్లల్లేరు. మా ఇంట్లో ఇద్దరమూ ఉద్యోగాలకి పోయేవాళ్ళమే. హైదరాబాద్ శివార్లలో రెండు ఆశ్రమాలు ఎంచుకుని నెల రోజులు వాటి చుట్టూ తిరిగాను. ఏది మంచిదో తేల్చుకునే లోపే ఇంకో చిక్కు వచ్చిపడింది: అసలు ఎలా చూస్తే తెలుస్తుంది? ఫోన్ చేసి వెళ్ళాను, చెప్పకుండా వెళ్ళాను, రిజిస్టర్లు అడిగాను, చివరికి పది రోజులు ఉంచి చూశాం. నాలుగింటికీ నాలుగు రకాల జవాబులొచ్చాయి.

ఫోన్ చేసి వెళ్తే కనబడేది బిల్డింగే. మొదటి ఆశ్రమంలో రిసెప్షన్, సీసీ కెమెరాలు, ఫిజియోథెరపీ గది అన్నీ ఉన్నాయి. ట్రెడ్‌మిల్ మీద ప్లాస్టిక్ కవరు మాత్రం ఇంకా తీయలేదు. రెండోది పాత ఇల్లు, వరండాలో రెండు టైల్స్ పగిలాయి. ఆ రోజే తేల్చమంటే మొదటిదానికే అడ్వాన్సు కట్టేసేవాణ్ణి. అలాగని ఆ వెళ్ళడం దండగ కాదు. డబ్బు సంగతులు మాట్లాడుకోవాల్సింది అప్పుడే. డైపర్లు, రాత్రి అటెండెంటు ఫీజులో కలిసే ఉన్నాయా, అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే అంబులెన్సులో పక్కన ఎవరు కూర్చుంటారు, మధ్యలో మానేస్తే డిపాజిట్‌లో ఎంత వెనక్కిస్తారు. ఇవన్నీ కాగితం మీద రాయించుకోవాలి. అంతకుమించి ఆ పూట తెలిసేదేమీ లేదు.

చెప్పకుండా వెళ్ళాలంటే ఎప్పుడు వెళ్ళాలి? మా చెల్లి ఇంగ్లండ్‌లో ఓ కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. "అన్నయ్యా, పొద్దున పదకొండింటికి పోకు, ఆ టైముకి ఎవరైనా బాగానే ఉంటారు. రాత్రి భోజనాలప్పుడు పో" అంది. మంగళవారం సాయంత్రం ఆరుంపావుకి మొదటి ఆశ్రమానికి వెళ్ళాను. వాచ్‌మన్ ఆపాడు. ఆపడం తప్పేం కాదు, దారినపోయేవాళ్ళందరినీ లోపలికి వదిలేస్తే అదే భయపడాల్సిన విషయం. పావుగంట తర్వాత పంపారు. హాల్లో లైట్లు తీసేసి ఉన్నాయి, అందరూ మంచాల మీదే. డ్యూటీ మారేలోపు పని తెమలాలని ఐదున్నరకే అన్నాలు పెట్టేస్తారట. మళ్ళీ టిఫిన్ పొద్దున ఎనిమిదిన్నరకి. అంటే పదిహేను గంటలు. షుగర్ మందులు వేసుకునేవాళ్ళ కడుపు అంతసేపు ఖాళీగా ఉంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఓ పెద్దాయన మంచం పక్కన కాలింగ్ బెల్లు వైరు, చెయ్యి అందకుండా కిటికీ ఊచకి చుట్టి ఉంది.

మర్నాడు సాయంత్రం ఏడింటికి రెండోదానికి వెళ్తే ఆయా ఒకావిడ పక్క కుర్చీలో కూర్చుని ఓ మామ్మగారికి ఉప్మా తినిపిస్తోంది. ఒక చెంచా పెట్టడం, గొంతు కదిలేదాకా ఆగడం, గడ్డం తుడవడం, మళ్ళీ చెంచా. "మింగిందాకా ఆగాల సార్, తొందరపెడితే పొలమారుద్ది" అంది, నావైపు తిరక్కుండానే. ఆ పది నిమిషాల్లో తెలిసింది ఏ బ్రోషర్‌లోనూ ఉండదు.

ఇందులోనూ నేను ఒక పొరపాటు చేయబోయాను. ఇంకోరోజు పొద్దున్నే వెళ్తే అక్కడ ఉచ్చ కంపు కొట్టింది, ఇక వద్దనుకున్నాను. చెల్లి తిట్టింది. డైపర్లు మార్చే వేళ ఏ హోమ్‌లోనైనా ఆ వాసన వస్తుందట. పదింటికి కూడా ఉంటే అది పరుపుల్లోకి ఇంకినట్టు. నేను ఆగి చూశాను, పోయింది. ఒక్కసారి చూసొచ్చి తీర్పు చెప్పకూడదనేది అందుకే. వేర్వేరు వేళల్లో కనీసం మూడుసార్లన్నా వెళ్ళాలి.

ఇక రిజిస్టర్లు. కదల్లేనివాళ్ళని సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెడతారు, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. తిప్పినప్పుడల్లా చార్టులో టిక్ పెట్టాలి. మొదటి ఆశ్రమంలో ఓ మంచానికి వేలాడుతున్న చార్టు చూశాను. రాత్రి ఎనిమిది గడిలో టిక్ పడి ఉంది. నా వాచీలో టైము ఆరూ నలభై.

కింద పడ్డవాళ్ళ వివరాలు రాసే పుస్తకం ఉందా అని అక్కడే అడిగాను. "మా దగ్గర ఇంతవరకు ఎవరూ పడలేదండీ" అన్నాడు మేనేజరు గర్వంగా. రెండోచోట మూడు నెలల్లో ఐదుగురు పడ్డట్టు రాసుంది, ప్రతిదాని పక్కనా ఆ తర్వాత ఏం మార్చారో కూడా: మంచం ఎత్తు తగ్గించాం, బాత్రూమ్‌లో కాలిపట్టా తీసేశాం. ముసలివాళ్ళు పడతారు. ఐదు రాసినవాళ్ళనే నేను నమ్మాను. ఒకరిద్దరి నెలవారీ బరువు కూడా అడగండి. మూడు నెలలు వరసగా తగ్గుతూ ఉంటే వంట బాగుందో లేదో రుచి చూడక్కర్లేదు.

ఈ తిప్పలన్నీ మనం పడటమెందుకు, సర్కారు చూడదా అని అడుగుతారు. ఇంగ్లండ్‌లో కేర్ క్వాలిటీ కమిషన్ ఎక్కువగా చెప్పకుండానే వచ్చి చూస్తుంది. భద్రంగా ఉన్నారా, ఫలితముందా, ఆప్యాయంగా చూస్తున్నారా, అవసరాన్నిబట్టి మసలుకుంటున్నారా, నడిపేవాళ్ళు సమర్థులేనా అని ఐదు ప్రశ్నలు వేసుకుని, ఔట్‌స్టాండింగ్ నుంచి ఇనడిక్వేట్ దాకా నాలుగు మెట్లలో రేటింగ్ ఇస్తుంది. ఆ కాగితం గుమ్మంలో కనబడేలా పెట్టాలి. మనకి 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టం ఉంది. జిల్లాకి కనీసం ఒకటి చొప్పున, నూటయాభై మంది పేద వృద్ధులకి సరిపడా ఆశ్రమాలు రాష్ట్ర ప్రభుత్వాలు పెట్టొచ్చని అందులోని 19వ సెక్షన్. ప్రైవేటు ఆశ్రమాల రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు చేర్చిన 2019 సవరణ బిల్లు చట్టం కాలేదు. ఆశ్రమం పేరు కొట్టి రేటింగ్ చూసుకునే వీలు ఇక్కడ లేదు. ఏదైనా ఇబ్బందైతే 14567 ఎల్డర్‌లైన్ అనే వృద్ధుల హెల్ప్‌లైన్ ఉంది, కానీ అది రేటింగులు ఇచ్చేది కాదు.

రేటింగ్ ఉన్నంత మాత్రాన నిశ్చింత అని కూడా అనుకోకండి. ఆ కమిషన్‌ మీద 2024లో అక్కడి ప్రభుత్వం తరఫున డాక్టర్ పెన్నీ డాష్ చేసిన సమీక్షలో, తనిఖీ చేయాల్సిన చోట్లలో సుమారు ఐదో వంతుకి ఎప్పుడూ రేటింగే ఇవ్వలేదని తేలింది. కాగితం ఉంటే దాని మీద తేదీ చూడాలి.

అమెరికాలోనో లండన్‌లోనో ఉండి అమ్మానాన్నలకి ఆశ్రమం వెతికేవాళ్ళు వీడియో కాల్‌తో సరిపెట్టుకుంటారు. అది ఫోన్‌లో జరిగే పొద్దున పదకొండింటి టూరే. దానికంటే ఊళ్ళో ఉన్న పిన్నినో బాబాయినో రాత్రి భోజనాల వేళకి పంపడం నయం.

పది రోజులు ఉంచి చూడటం అన్నిటికంటే గట్టి పరీక్ష, కానీ దాని బరువంతా ముసలివాళ్ళ మీదే పడుతుంది. మతిమరుపు ఉన్నవాళ్ళయితే చోటు మారితేనే తికమకపడతారు. అందుకని మొదటి మూడూ దాటిన ఒక్కచోటే ఉంచాలి. మేం అత్తని పగిలిన టైల్స్ ఇంట్లోనే ఉంచాం. పదో రోజు, "అన్నం వేడిగానే పెడతార్రా. రాత్రి పిల్ల బెల్లు కొడితే వస్తుంది, కానీ సీరియల్ అయ్యాకే వస్తుంది" అంది. మేనేజరుకి చెప్తే రాత్రి తొమ్మిది తర్వాత టీవీ ఆపించారు. అత్త ఉండిపోయింది.

ఇప్పటికీ రోజు మార్చి, వేళ మార్చి వెళ్తుంటాను. మొన్న గురువారం సాయంత్రం ఏడింటికి వెళ్ళినప్పుడు పక్క మంచం చార్టు తిప్పి చూశాను. ఆరింటి గడిలో టిక్ ఉంది, ఎనిమిది గడి ఖాళీ.