అమెరికా పార్శిల్: పోస్టాఫీసా, ప్రైవేటు కొరియరా?

మొన్న మా అమ్మాయికి డాలస్‌కు ఆవకాయ, కందిపొడి, ఒక శ్రీకాళహస్తి కలంకారీ చీర పంపాను. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి, పిల్లలు బయటి దేశాల్లో ఉన్నవాళ్లంతా ఇదే అడుగుతున్నారు: పోస్టులో వేశారా, కొరియర్‌లో వేశారా? ఈసారి నేను తిరుపతి హెడ్ పోస్టాఫీసుకే వెళ్లాను.

వేగం చూస్తే ప్రైవేటుదే పైచేయి. ఇంటికొచ్చి తీసుకెళ్తారు, ప్యాకింగ్ కూడా వాళ్లే చేస్తారు, ఆధార్ జిరాక్స్ ఇస్తే పని అయిపోతుంది. కాకపోతే పెట్టె సైజు కూడా తూకంలోకి వస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 40, 30, 30 కొలతల పెట్టెలో 5 కిలోలే ఉన్నా 7.2 కిలోలకు డబ్బు కట్టాలి.

ఇవన్నీ సర్దుకోవచ్చు. నన్ను పోస్టాఫీసు వైపు తిప్పింది మాత్రం కస్టమ్స్ డిక్లరేషన్, అంటే పెట్టెలో ఏమేమి ఉన్నాయో, వాటి విలువెంతో కస్టమ్స్‌కు తెలిపే కాగితం. అది ఎవరు రాస్తారన్నదే నాకు ముఖ్యం.

రెండేళ్ల కిందట ఒక కొరియర్ కౌంటర్‌లో కుర్రాడు నా బదులు ఇన్‌వాయిస్ తయారు చేశాడు. పచ్చడి, పొడి, పట్టుచీర అన్నిటికీ కలిపి 'హౌస్‌హోల్డ్ ఐటమ్స్' అని రాసి, విలువ పది డాలర్లు వేశాడు. నేను చదవకుండా సంతకం పెట్టేశాను. పార్శిల్ అక్కడి కస్టమ్స్‌లో పదకొండు రోజులు ఆగిపోయింది. లోపల ఏమేమి ఉన్నాయో మా అమ్మాయి ఒక్కొక్కటీ మెయిల్‌లో రాసి పంపితేగానీ వదల్లేదు. ఆ పదకొండు రోజుల టెన్షన్ నేను మర్చిపోలేదు.

పోస్టులో సీఎన్ 23 అనే ఫారంలో డిక్లరేషన్ వివరాలు మనమే ఇవ్వాలి. వస్తువు పేరు, ఎన్ని, నికర బరువు, విలువ, ఏ దేశంలో తయారైంది, హెచ్‌ఎస్ కోడ్ (వస్తువు రకాన్ని తెలిపే అంతర్జాతీయ నంబరు), అన్నీ విడివిడిగా. మొదటిసారి చిరాకనిపిస్తుంది. కానీ ఏం పంపుతున్నామో మనకన్నా బాగా తెలిసిన వాళ్లు ఎవరున్నారు? 'ఫుడ్' అని వదిలేయకుండా 'హోమ్‌మేడ్ మ్యాంగో పికిల్, 1 కిలో' అని రాయండి. ఆ హోమ్‌మేడ్ అన్న మాటకు విలువ ఉంది. అమెరికాకు తినే వస్తువు పంపితే అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ముందే తెలపాలన్న నిబంధన ఉంది. సొంత ఇంట్లో చేసి, చేసినవాళ్లే బహుమతిగా పంపుకొనేదానికి అది వర్తించదు. బజార్లో కొన్న పొడికి ఆ మాట రాయకండి.

'గిఫ్ట్' గడిలో టిక్ పెట్టడం కూడా మర్చిపోవద్దు. 800 డాలర్ల లోపు సరుకుకు సుంకం లేదన్న వెసులుబాటును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. ఆ గందరగోళంలో మన తపాలా శాఖ బుకింగ్‌లే ఆపేసి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. 100 డాలర్ల లోపు వ్యక్తిగత బహుమతులకు మినహాయింపు మిగిలింది. బ్రిటన్‌కైతే ఆ హద్దు 39 పౌండ్లు. అలాగని చీర విలువ తగ్గించి రాస్తే, పార్శిల్ పోయినప్పుడు ఆ తగ్గించిన అంకె మించి అడగడానికి ఉండదు.

ఇంకో చిన్న సంగతి. వస్తువుల నికర బరువులు కూడితే పెట్టె మొత్తం బరువును మించకూడదు. ఇంట్లోనే తూచి, కాగితం మీద రాసుకుని వెళ్తే కౌంటర్ దగ్గర తడబడరు. అవతలివాళ్ల పేరు ఇనిషియల్స్‌తో కాకుండా పూర్తిగా రాయండి. అపార్ట్‌మెంట్ నంబరు, జిప్ కోడ్, అక్కడి ఫోన్ నంబరు తప్పనిసరి.

మన తిరుపతి జిల్లావాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది చెక్క బొమ్మల గురించి. మాధవమాల ఊళ్లో చెక్కే బొమ్మ పంపుతుంటే అది ఏ చెక్కతో చేసిందో కొన్నచోటే అడిగి, బిల్లులో రాయించుకోండి. 'వుడెన్ డాల్' అని మాత్రమే ఉంటే అనుమానం రావడం సహజం. ఎర్రచందనం అయితే ముద్దుగా ఉంది కదా అని అసలు పెట్టెలో వేయకండి. అనుమతి లేకుండా దాన్ని దేశం దాటించడం నేరం.

సర్టిఫికెట్లు, వీసా కాగితాల్లాంటివి అర్జెంటుగా చేరాలంటే మాత్రం ప్రైవేటుకే వెళ్లండి, నేనూ అదే చేస్తాను. సామాన్లు కూడా అందులోనే పంపాలనుకుంటే వస్తువుల జాబితా మీరే రాసి ఇవ్వండి. ప్రింట్ తీసిన ఇన్‌వాయిస్‌ను వరుసవారీగా చదివి, తప్పుంటే అక్కడే మార్పించాకే సంతకం పెట్టండి.

ఊరెళ్లేవాళ్ల సూట్‌కేసులో పెట్టి పంపడం అందరికీ తెలిసిందే, చోటు ఉంటే మంచిదే. నలుగురి పచ్చళ్లూ ఒకే పెట్టెలో కలిపి పంపే ఏజెంట్లూ ఉన్నారు. డిక్లరేషన్‌లో ఏం రాశారో చూపించని ఏజెంట్‌కు నేను పార్శిల్ ఇవ్వను.