ఏడేళ్ళుగా వింటున్న 'న్యూ ఫార్మ్స్': ఒక శ్రోత సమీక్ష

ఉద్యోగరీత్యా విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు, అంటే ఆమదాలవలసకు, ఏడేళ్ళుగా పాసింజరు రైల్లో తిరుగుతున్నాను. ఆ ప్రయాణాల్లో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్నది రోనీ సైజ్ తన రెప్రజెంట్ బృందంతో కలిసి చేసిన 'న్యూ ఫార్మ్స్'. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరం వాళ్ళది. వేగమైన డ్రమ్స్, బరువైన బేస్ (మంద్రధ్వని) కలిసి నడిచే ఎలక్ట్రానిక్ సంగీతాన్ని డ్రమ్ అండ్ బేస్ అంటారు. 1997లో వచ్చిన ఈ డ్రమ్ అండ్ బేస్ ఆల్బమ్‌కు, ఏటా ఒక ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి ఆ ఏడాది బ్రిటన్‌లో దక్కింది. పోటీలో రేడియోహెడ్ బృందం వారి 'ఓకే కంప్యూటర్' కూడా ఉంది. ఈ సంగతి ముందే తెలుసుకుని విన్నందువల్ల, మొదటిసారి నాకు కలిగిన నిరాశ కూడా ఆ మేరకు పెద్దదే.

తప్పు ఆల్బమ్‌ది కాదు. ఫోనును ఇంటి అరుగు మీద పెట్టి, దాని స్పీకరులోనే విన్నాను. పక్కన కూర్చున్న పెదనాన్న కాసేపు ఓపిక పట్టి, "ఏట్రా అది, రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు?" అన్నారు. ఆయన అన్నది అక్షరాలా నిజం. ఫోనులో ఇమిడే అంత చిన్న స్పీకరు మంద్రమైన ధ్వనులను దాదాపుగా పలికించలేదు. ఈ సంగీతానికి ఆధారమైన బేస్ ఉండేది సరిగ్గా అక్కడే. అందువల్ల మాకు వినిపించింది సగం సంగీతం మాత్రమే, అందులోనూ గోలగా ఉండే సగం. తర్వాత బజారులో 'ఎక్స్‌ట్రా బేస్' అని అట్ట మీద పెద్దక్షరాలతో ఉన్న ఇయర్‌ఫోన్లు కొన్నాను. అవి గాయని గొంతును కూడా నూతిలోంచి వస్తున్నట్టు వినిపించి, మూడో నెలలో ఎడమ చెవి వైపు మూగబోయాయి. చివరికి మామూలు వైరు ఇయర్‌ఫోన్లు, ఇంట్లో మంద్రధ్వనులు బాగా పలికే పాత వూఫరు పెట్టె, ఈ రెండింటితోనే ఆల్బమ్ అసలు స్వరూపం బోధపడింది.

డ్రమ్ అండ్ బేస్ అంటే వేగం అని చాలామంది అనుకుంటారు. డ్రమ్స్ నిమిషానికి 170 దెబ్బల చొప్పున పరుగెత్తే మాట వాస్తవమే కానీ, బేస్ మాత్రం చాలాచోట్ల అందులో సగం వేగంతోనే, తనకేమీ తొందర లేనట్టు నడుస్తుంది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా మొదలైన మా ఊరి సంగీత కళాశాల పుణ్యమా అని, ఈ విషయాన్ని చెప్పడానికి మాకు వేరే పరిభాష వెతుక్కోవలసిన పని లేదు. చిన్నప్పుడు రెండేళ్ళు వయొలిన్ నేర్చుకున్న రోజుల్లో సరళీ స్వరాలను మొదటి కాలంలోనూ, తర్వాత రెండో కాలంలోనూ పాడించేవారు. స్వరాలు రెట్టింపు వేగంతో దొర్లుతున్నా, తొడ మీద తాళం వేసే చేయి మాత్రం కదిలిన తీరులోనే కదలాలి. ఇక్కడ డ్రమ్స్‌ది రెండో కాలం, బేస్‌ది మొదటి కాలం. రెండూ ఒకేసారి వినిపిస్తాయి. ఆ చేయి ఉన్నచోట చెవి పెట్టి వింటే, గోల అనుకున్నది హాయిగా మారిపోతుంది.

ఈ గుణం అన్నిటికంటే బాగా తెలిసేది 'బ్రౌన్ పేపర్ బ్యాగ్' అనే రచనలో. డబుల్ బేస్, అంటే నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం, తీగలను మీటిన ధ్వని అందులో ఎంత దగ్గరగా ఉంటుందంటే, వేలు తీగను లాగి వదిలిన చప్పుడు, ఆ వెంటనే కర్ర పెట్టె గుమ్మనడం విడివిడిగా తెలుస్తాయి. తర్వాత డ్రమ్స్ వచ్చి చేరతాయి. ఆ పైన, యంత్రంలో పుట్టి గుర్రుమనే మరొక బేస్ వచ్చి కర్ర బేస్‌తో మాటకు మాట చెబుతున్నట్టు సాగుతుంది. వందల సార్లు విన్నాక కూడా ఆ రెండో బేస్ వచ్చే చోటుకు ముందు నా ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. వేదికల మీద ఈ బృందం నిజమైన డబుల్ బేస్‌ను, డ్రమ్స్‌ను మనుషుల చేత వాయించి వినిపించేది. ఆ మనిషితనం రికార్డులో కూడా ఉంది.

ఆర్ద్రత విషయానికి వస్తే ఆ ఘనత గాయని ఒనాలీది. 'షేర్ ది ఫాల్', 'హీరోస్', 'వాచింగ్ విండోస్' పాటల్లో ఆమె డ్రమ్స్‌తో పోటీపడదు. కింది బేస్ నడకను పట్టుకుని, పల్లవిని సాగదీసి పాడుతుంది. ఒక ఆదివారం వూఫరు పెట్టెలో 'హీరోస్' పెట్టినప్పుడు, వయసులో తప్పెటగుళ్ళు ఆడిన మా పెదనాన్న ఏమీ అనలేదు కానీ, ఆయన కుడిచేతి వేళ్ళు కుర్చీ చేతి మీద సరిగ్గా ఆ సగం లయనే వేశాయి. గుండె మీద కట్టుకున్న రేకు తప్పెటను రెండు చేతులా వాయిస్తూ, కాలి మువ్వలతో వేరే నడక నడిచిన మనిషికి ఈ సంగతి ఒకరు చెప్పాలా!

లోపాలు లేకపోలేదు. రెండు డిస్కుల ఈ ఆల్బమ్ రెండు గంటల పైనే ఉంటుంది. ఏకబిగిన వినడం అలసట. రెండో డిస్కులో ఒకే తునకను తిప్పితిప్పి నడిపించిన రచనలు కొన్ని ఉన్నాయి, వాటిని నేను నిర్మొహమాటంగా దాటవేస్తాను. డైనమైట్ అనే ఎంసీ (సంగీతం మీద లయబద్ధంగా మాటలు చెప్పేవాడు) గుక్క తిప్పుకోకుండా చెప్పే మాటలు నాకు ఈనాటికీ సగమే అర్థమవుతాయి. వాటిని జతులలాగా విని సంతోషించడం అలవాటు చేసుకున్నాను. పడుకునే ముందు వినడానికి ఇది తగదు. పొద్దుటి పూట, కిటికీ పక్క సీటు దొరికిన రోజున, దీనికి సాటి రాగలది నా ఫోనులో మరొకటి లేదు.

కొత్తగా వినేవారు మొదటి డిస్కులోని 'బ్రౌన్ పేపర్ బ్యాగ్'తో మొదలుపెట్టి, 'హీరోస్' విని ఆ రోజుకు ఆపేయడం మంచిది. నా లెక్క ప్రకారం చీపురుపల్లి దాటాక మొదలుపెడితే పొందూరుకు ముందే ఆ రెండూ పూర్తవుతాయి. ఇంకా వినాలనిపించినా దూసి స్టేషనులో మాత్రం నేను పాటను ఆపేస్తాను. ఆ తర్వాత రైలు నాగావళి వంతెన మీదికి ఎక్కితే, ఎంత మంచి ఇయర్‌ఫోన్లలోనైనా బేస్ వినిపించదు.