మూడేళ్ల ఎండీ జనరల్ మెడిసిన్: ప్రభుత్వ కాలేజీ సీటు మీద నా మాట

తెలంగాణలోని ఒక ప్రభుత్వ కాలేజీలో ఎండీ జనరల్ మెడిసిన్ (ఎంబీబీఎస్ తర్వాతి పీజీ కోర్సు) ఈమధ్యే పూర్తి చేశాను. పీజీ ప్రవేశపరీక్ష నీట్ పీజీ ర్యాంకు చేతిలో పెట్టుకుని, ఆలిండియా కోటాకి కేంద్రం నడిపే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ)లో, స్టేట్ కోటాకి రాష్ట్ర వైద్య విశ్వవిద్యాలయమైన కాళోజీ యూనివర్సిటీలో వెబ్ ఆప్షన్లు పెట్టబోతున్నవాళ్ల కోసం ఇది.

మళ్లీ అవకాశం వస్తే ఈ సీటే తీసుకుంటాను. ఇక్కడ పని చేతికొస్తుంది. వానాకాలంలో డెంగీ, సాగు రోజుల్లో పాముకాట్లు, ఏడాది పొడుగునా పురుగుమందు తాగినవాళ్లు. మొదటి ఏడాది ముగిసేలోపే ఇంట్యుబేషన్ (శ్వాసనాళంలోకి గొట్టం వేయడం), సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి గొట్టం వేయడం), లంబార్ పంక్చర్ (వెన్ను నుంచి నీరు తీయడం) అలవాటైపోయాయి. పురుగుమందు కేసులో విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ డోసు పుస్తకంలో ఉంటుంది. కానీ ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి అన్నది రాత్రంతా మంచం దగ్గరే ఉండి, ఊపిరితిత్తుల చప్పుడు మళ్లీ మళ్లీ వింటేనే తెలుస్తుంది.

దీనికి మూల్యం ఉంది. పీజీ డాక్టర్ల డ్యూటీ మామూలుగా రోజుకు 12 గంటలు దాటకూడదని 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ స్కీమ్ చెబుతోంది. మా దగ్గర ఫస్టియర్లకి అది కాగితం మీదే ఉండిపోయింది. వార్డుబాయ్ లేక పేషెంటుని సీటీ స్కాన్‌కి మేమే తోసుకెళ్లాం. నిద్ర లేని డాక్టరు డోసు లెక్క తప్పితే నష్టపోయేది పేషెంటే. ఈ కోపం నాకింకా తగ్గలేదు.

కార్పొరేట్ ఆసుపత్రిలో డీఎన్‌బీ (ఎండీతో సమానమైన పీజీ కోర్సు) చేసిన నా స్నేహితురాలికి వెంటిలేటర్, ఎకో (గుండె స్కాన్) మీద నాకంటే మంచి పట్టు ఉంది. కానీ అక్కడ పేషెంటు కన్సల్టెంటు (సీనియర్ డాక్టరు) బాధ్యత, నిర్ణయం తన చేతిలో తక్కువ.

కాలేజీ పేరు, పడకల సంఖ్య చూసి ఆగిపోకండి. అక్కడి సెకండియర్ పీజీని కలిసి అడగండి: ఐసీయూ మెడిసిన్ వాళ్ల చేతిలో ఉందా, అనస్థీషియా వాళ్ల చేతిలోనా? (మీకు వెంటిలేటర్ వాడటం వస్తుందా రాదా అన్నది దీన్నిబట్టే.) రాత్రి ఫోన్ చేస్తే అసిస్టెంట్ ప్రొఫెసర్ వస్తారా? యూనిట్‌కి ఎంతమంది పీజీలు? థీసిస్ గైడ్ డ్రాఫ్టు చదువుతారా? డీఎం (ఎండీ తర్వాతి సూపర్ స్పెషాలిటీ కోర్సు) ఆలోచన ఉంటే, కార్డియాలజీ, నెఫ్రాలజీ పోస్టింగులు నిజంగా పంపుతారా అనీ అడగండి.

పీజీలో భాగంగా జిల్లా ఆసుపత్రిలో పనిచేసే మూడు నెలల జిల్లా రెసిడెన్సీని చాలామంది తీసిపారేస్తారు. నాకు మాత్రం ఎంఆర్‌ఐ లేకుండా పక్షవాతం కేసు చూడటం నేర్పింది అదే.

సీటు వదిలేస్తే కట్టాల్సిన బాండ్ సొమ్ము ఎంతో మాత్రం ఆప్షన్లు లాక్ చేసేముందే ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి.