గుంటూరు యానిమల్ హౌస్ సమ్మర్ ప్రాజెక్టు: నేర్పేది బాగుంది, మే నెలలో మాత్రం వద్దు

గుంటూరు శివార్లలోని ఒక ఫార్మసీ కాలేజీ తన యానిమల్ హౌస్‌లో, అంటే ప్రయోగాల ఎలుకలను ఉంచే చోట, ఇచ్చే ఆరు వారాల ప్రాజెక్టు ఇది. అంశం మందు పనిచేసిందా అన్నది కాదు, బోనులో ఎలుక ఎలా ఉందన్నది.

చేత్తో పట్టడం ఇక్కడ బాగా నేర్పుతారు. తోక పట్టి ఎత్తనివ్వరు. భుజాల వెనకనుంచి అరచెయ్యి చుట్టి, రెండో చేత్తో వెనక కాళ్లకు ఆసరా ఇవ్వాలి. తర్వాత నొప్పికి మార్కులు వేయడం. ముఖం చూసి నొప్పిని అంచనా వేసే, 2011లో ఎలుకల కోసం వచ్చిన గ్రిమేస్ స్కేలునే వాడతారు: కళ్లు, ముక్కు-బుగ్గలు, చెవులు, మీసాలు, ఒక్కోదానికి 0, 1 లేదా 2. ఫొటో ఏ గ్రూపుదో చెప్పకుండా ఇద్దరిచేత విడివిడిగా వేయిస్తారు. ఇబ్బందల్లా నిద్రపోయే ఎలుకతో. నొప్పి ఉన్నదానిలాగే దాని కళ్లూ మూసుకునే ఉంటాయి కాబట్టి ఆ ఫొటోలు ఏరి పక్కన పెట్టాలి. పగలు పదింటికి వెళ్తే చాలా ఎలుకలు నిద్రలోనే ఉంటాయి. పగలు చీకటి, రాత్రి వెలుతురు వచ్చేలా లైట్ల టైమరు తిప్పేసి, వాటికి సరిగా కనబడని ఎర్ర వెలుగులో చూడాలి. ఇక్కడ ఆ టైమరే లేదు.

అసలు లోపం ఎండాకాలంలో బయటపడుతుంది. గది 18 నుంచి 29 డిగ్రీల మధ్య, తేమ 30 నుంచి 70 శాతం ఉండాలన్నది నిబంధన. కరెంటు పోతే జనరేటరు మీద లైట్లు, ఫ్రిజ్ నడుస్తాయి, ఏసీ నడవదు. ఎలుకకు మనలా చెమట పట్టదు. తోకనుంచి వేడి వదులుతుంది, అదీ చాలకపోతే ఒంటికి ఉమ్మి పూసుకుంటుంది. మేత తగ్గిస్తుంది, బరువు పడిపోతుంది. ఎండవల్ల వచ్చిన ఆ మార్పును విద్యార్థి ప్రయోగం వల్ల కలిగిన ఒత్తిడిగా రాసేస్తాడు, రిపోర్టు అక్కడే చెడుతుంది. నవంబరు, డిసెంబరుల్లో స్లాటు ఇస్తామంటే చేరవచ్చు.

ఫీజు కట్టేముందు రెండు కాగితాలు అడగండి. ఒకటి, సీసీఎస్‌ఈఏ (జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ కమిటీ) నామినీ కూర్చున్న ఐఏఈసీ (కాలేజీ జంతు నైతిక కమిటీ) మీటింగులో ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన ఆమోదం. "తర్వాత వస్తుంది, మొదలుపెట్టేయండి" అంటే లేచి వచ్చేయండి. రెండోది గది ఉష్ణోగ్రతల రిజిస్టరు. మే అంతా ఒకే సిరాతో రోజూ 24 అని ఉంటే అది థర్మామీటరు చూసి రాసింది కాదు. ఎలుకలు ఎప్పుడు వచ్చాయో కూడా కనుక్కోండి. కొత్తవైతే కనీసం వారం క్వారంటైన్, మీ ఆరు వారాల్లో ఒకటి అలాగే పోతుంది.

వేసవి తప్ప వీలుకాని బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) వాళ్లు పశువుల వైపు చూడటం మేలు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, గుంటూరు దగ్గరి లాం ఫారంలో ఒంగోలు పశువులున్నాయి. అవకాశం ఉందో లేదో ముందే అడగాలి. పశువుల దగ్గర ఎండే అధ్యయనాంశం అవుతుంది. ఊపిరి వేగం తెలియడానికి డొక్క కదలికలు నిమిషంపాటు లెక్కపెట్టడం, ఎంతసేపు నీడలో నిలబడిందో, ఎంతసేపు పడుకుని నెమరేసిందో రాయడం. పశువు నడుస్తున్నప్పుడో, తోలుకొచ్చిన వెంటనేనో లెక్కపెట్టకండి, అంకె ఎక్కువ వస్తుంది.